పాత ఫ్లాట్ కొనేముందు ఇంటిని ఎలా చూడాలి: చెమ్మ, నీళ్లు, పైపులు, కరెంటు

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరు ఫ్లాట్ చూడటానికి వెళ్తున్నా ముందు రోజు రాత్రి నాకు ఫోన్ వస్తుంది, "ఏమేం చూడమంటావు?" అని. ప్రతిసారీ అవే విషయాలు చెబుతున్నాను, ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే ఈసారి అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. హైదరాబాద్‌లో ఎవరో ఉండి అమ్ముతున్న పాత ఫ్లాట్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను కానీ విజయవాడైనా వైజాగైనా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

కాగితాల జోలికి నేను పోవడం లేదు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను బకాయిలు ఇవన్నీ మంచి లాయరుకి ఇచ్చి చూపించండి, లోను తీసుకుంటే బ్యాంకు లాయరు కూడా చూస్తాడు. కానీ గోడలో చెమ్మ ఉందా, బాత్‌రూమ్ వాటం సరిగ్గా ఉందా అని మీ తరఫున చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అది మీరే చూసుకోవాలి.

నేను చూసుకోలేదు. 2017లో కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్ కొన్నాం. చూడటానికి వెళ్లినప్పుడు కొత్త పెయింటు, తుడిచిన టైల్స్, కిటికీలోంచి ఎండ, ఇల్లు కళకళలాడుతూ ఉంది. ఇరవై నిమిషాల్లో మనసు పడిపోయింది. మొదటి వర్షాకాలం అయ్యాక మా ఆవిడ వార్డ్‌రోబ్‌లోంచి పట్టుచీర తీస్తే మడతల మీద నల్లటి చుక్కలు. వెనక ప్లైవుడ్ మీద బొటనవేలు పెట్టి నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది. చెక్క ఊడదీసి చూస్తే గోడంతా దూదిలా తెల్లగా ఉప్పు పట్టి ఉంది. ఆ గోడకి అవతల బాత్‌రూమ్, దాని పైన పై ఇంటివాళ్ల బాత్‌రూమ్. వాళ్లని ఒప్పించి రెండు బాత్‌రూములూ తవ్వి మళ్లీ వేయించేసరికి ఎనిమిది నెలలు, లక్షా పాతిక వేలు అయింది. చూడటానికి వెళ్లిన రోజు ఆ వార్డ్‌రోబ్ తలుపు తెరిచి వెనక చెక్క నొక్కి ఉంటే రెండు నిమిషాల పని.

ఏమేం తీసుకెళ్లాలి

- మంచి టార్చ్ లైటు. ఫోన్ లైటుతో పని కానిస్తారు కానీ ఫోను ఫొటోలకి కావాలి.
- ఐదు మీటర్ల టేపు.
- రూపాయి బిళ్ల.
- టీడీఎస్ మీటరు, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపిస్తుంది, పెన్నంత ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది.
- మూడు లైట్లుండే సాకెట్ టెస్టర్. దొరక్కపోతే ఫోన్ ఛార్జర్.
- పాత గుడ్డ, ఒక నోటు పుస్తకం.
- మీతోపాటు ఇంకో మనిషి. వీలైతే ఇల్లు కొనడం మీద మీకున్నంత ఆశ లేని మనిషి, ఎందుకంటే మీరు కిటికీ చూసి మురిసిపోతున్నప్పుడు వాళ్లు సీలింగ్ చూస్తారు.

ఎప్పుడు వెళ్లాలి

కనీసం మూడుసార్లు వెళ్లండి. ఒకసారి పగలు, మధ్యాహ్నం మూడు దాటాక అయితే ఎండ తీవ్రత తెలుస్తుంది. ఒకసారి రాత్రి తొమ్మిది తర్వాత. ఒకసారి గట్టి వాన పడ్డ మర్నాడు. నీళ్ల సంగతి తెలియాలంటే ఏప్రిల్, మే నెలలు. లీకేజీ తెలియాలంటే జులై నుంచి అక్టోబరు. రెండు కాలాలూ ఆగలేం కదా అంటారా, మీరు చూడలేని కాలం గురించి ఎవరిని అడగాలో కింద చెప్పాను.

1. లిఫ్ట్ ఎక్కేముందు బిల్డింగ్ చుట్టూ తిరగండి

బ్రోకర్ మిమ్మల్ని నేరుగా లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఆగండి. ముందు రోడ్డు మీద నిలబడి చూడండి, రోడ్డు ఎత్తుగా ఉందా, పార్కింగ్ ఎత్తుగా ఉందా? పాత కాలనీల్లో పాత రోడ్డు తవ్వకుండా పొర మీద పొర వేసుకుంటూ పోవడంతో రోడ్డు లేచిపోయి, స్టిల్ట్ (పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలిన పార్కింగ్ అంతస్తు) గుంటలోకి పడిపోయిన బిల్డింగులు చాలా ఉన్నాయి. వాన నీళ్లన్నీ లోపలికే వస్తాయి. గోడ అడుగున మట్టిరంగు గీత ఒకే ఎత్తులో సాగుతూ కనిపిస్తే అంత లోతు నీళ్లు నిలబడ్డాయనే లెక్క.

2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో చెరువుల పక్క కాలనీలు ఎలా మునిగాయో గుర్తుందిగా, టోలిచౌకి నదీమ్ కాలనీలో, సరూర్‌నగర్ చెరువు కింద రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అందుకని "ఇక్కడికి నీళ్లు వచ్చాయా?" అని అడగాల్సింది ఓనర్‌ని కాదు. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని, కిరాణా కొట్టు ఆవిడని అడగండి. "2020లో ఎక్కడిదాకా వచ్చాయండీ?" అని సంవత్సరం పెట్టి అడిగితే చెయ్యెత్తి చూపిస్తారు. హైదరాబాద్‌లో దగ్గర్లో చెరువుంటే హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో దాని ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే హద్దు) మ్యాపు తీసి చూసి, అది లాయరుకి కూడా పంపండి.

తర్వాత స్టిల్ట్‌లో తల పైకెత్తి నడవండి. పైపు జాయింట్ల చుట్టూ తెల్లటి చారలు, కారిన మరకలు ఉన్నాయా? పిల్లర్ల అడుగున పెచ్చులూడి ఇనుము కనిపిస్తోందా? స్లాబ్‌లో తుప్పు రంగు గీత ఉంటే లోపల ఊచలు తుప్పు పడుతున్నాయన్నమాట, తుప్పుకి ఊచ ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. ఒకటి రెండు చోట్ల చిన్నగా ఉంటే రిపేరు చేయించొచ్చు. చాలా పిల్లర్లలో ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

వెనక్కి వెళ్లి బయటి గోడలు చూడండి. డ్రైనేజీ పైపు వంపు దగ్గర, సజ్జ మూలల్లో రావి మొక్క మొలిచి ఉందా? దానికి ఏడాది పొడవునా ఎక్కణ్నుంచో తడి అందుతోంది. అది ఏ అంతస్తులో ఉందో, మీరు చూడబోయే ఇంటికి ఎంత దూరమో రాసుకోండి.

2. చెమ్మ

అన్నిటికన్నా ఎక్కువసేపు దీనిమీదే గడపండి. అమ్మేముందు పెయింట్ వేయించడం మామూలే, అందులో తప్పేం లేదు, కానీ ఒక్క గోడకే లేదా ఒక్క సీలింగుకే కొత్త పెయింట్ ఉంటే ఎందుకని అడగండి.

టార్చ్‌ని గోడకి ఎదురుగా కాకుండా గోడకి ఆనించి, పక్కనుంచి వెలుగు పారేలా పట్టుకోండి. ఉబ్బులు, లప్పం పూసిన అతుకులు, బుడగలు అన్నీ నీడలు వేసి బయటపడతాయి. ఉబ్బిన చోట అరచెయ్యి పెట్టండి, పక్క గోడకన్నా చల్లగా ఉందా? వేలితో రుద్దితే తెల్లటి పొడి రాలుతోందా? బిళ్లతో కొట్టి వినండి, గట్టి ప్లాస్టర్ 'టక్' మంటుంది, వదిలేసిన ప్లాస్టర్ ఖాళీ డబ్బాలా మోగుతుంది.

ఈ చోట్లు వదలొద్దు: వార్డ్‌రోబ్ లోపల వెనక చెక్క, కిచెన్ సింకు కింద, బాత్‌రూమ్‌కి ఆనుకున్న ప్రతి గోడ అడుగు భాగం, కిటికీల కింద మూలలు, అటక మీద. ద్వారబంధాల అడుగున, ముఖ్యంగా బాత్‌రూమ్ తలుపు దగ్గర, బొటనవేలితో నొక్కండి. మెత్తబడిందంటే నీళ్లు తాగుతోంది, సన్నటి మట్టి గొట్టాలు పాకి ఉంటే చెదలు.

ఫ్లాట్ ఖాళీగా ఉండి ఓనర్ ఒప్పుకుంటే ఇంకో పద్ధతి ఉంది. అనుమానం ఉన్న చోట అడుగు పొడవు అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటు పెట్టి నాలుగు అంచులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు షీటుకి గోడవైపు తడి చేరితే చెమ్మ గోడలోంచే వస్తోంది.

పై అంతస్తు ఫ్లాటైతే టెర్రస్ ఎక్కి తీరాలి. పిట్టగోడ, స్లాబ్ కలిసే చోట చీలికలు, నీళ్లు నిలిచిన మరకలు, వాన నీటి పైపు మూతుల దగ్గర చెత్త, వీటితోపాటు మీ ఫ్లాట్ మీద ట్యాంకు ఉందేమో చూసుకోండి.

3. బాత్‌రూములు, డ్రైనేజీ

ఓనర్‌ని మర్యాదగా అడిగి ఒక బకెట్ నీళ్లు నేల మీద పోయండి. ఐదు నిమిషాలు ఆగండి. నీళ్లన్నీ జాలీలోకి పోతే వాటం బాగుంది. మూలలో మడుగు నిలిస్తే రోజూ నిలుస్తుంది, టైల్ సందుల్లోంచి కిందకి దిగుతుంది. నీళ్లు తలుపువైపు వస్తే ఇంకా అన్యాయం. వాటం సరిచేయడమంటే టైల్స్ పగలగొట్టడమే, దానికి అడ్డదారి లేదు.

తర్వాత బకెట్ కుళాయి, వాష్ బేసిన్, షవర్ ఒకేసారి తిప్పి, అదే సమయంలో ఫ్లష్ కొట్టండి. జాలీలోంచి గుడగుడమని శబ్దం వచ్చినా, బుడగలు వచ్చినా లైను ఎక్కడో పట్టేస్తోంది. స్టిల్ట్ మీద మొదటి అంతస్తు వాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూడాలి, కింద పైపు మూసుకుపోతే పైనున్న అందరి నీళ్లూ ముందు మీ బాత్‌రూమ్‌లోకే ఎదురు తంతాయి.

బాత్‌రూమ్‌లో ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక జరిపి టార్చ్ వేయండి. పై ఇంటి పైపులన్నీ అక్కడే ఉంటాయి. మా వార్డ్‌రోబ్ చెమ్మకి జవాబు కూడా చివరికి అక్కడే దొరికింది, పైపు చుట్టూ ఎప్పటిదో గుడ్డ కట్టి ఉంది.

అగ్రిమెంట్ దాకా వచ్చేసి ఇంకా అనుమానం ఉంటే ప్లంబర్‌ని పెట్టి జాలీ మూసి, నేలంతా అంగుళం నీళ్లు నింపి 24 గంటలు ఉంచి, కింద ఇంటి సీలింగ్ చూడండి. కింద ఇంటివాళ్లకి ముందే చెప్పండి.

4. నీళ్లు

మూడు ప్రశ్నలు: ఎక్కణ్నుంచి వస్తున్నాయి, ఎంత వస్తున్నాయి, ఎలా ఉన్నాయి.

వాటర్ బోర్డు కనెక్షన్ ఉందా, రోజు విడిచి రోజు వస్తున్నాయా, ఎంతసేపు? హైదరాబాద్‌లో సొంతింటి వాళ్లకి నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉంది, దానికి ఆధార్ లింకు, పనిచేసే మీటరు కావాలి, అవి ఉన్నాయేమో అసోసియేషన్‌ని అడగండి. బోరు ఉంటే ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది? "నీళ్లకి ఢోకా లేదండీ" అనే మాట ఎవరైనా చెబుతారు. మీరు అడగాల్సింది గత ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకి అసోసియేషన్ ఎంత కట్టిందో లెక్క. ఆ పుస్తకం ఐదు నిమిషాలు తిరగేస్తే ఎండాకాలం మొత్తం కళ్లముందు ఉంటుంది. మీరు మే నెలలో వెళ్లలేకపోతే ఇదే మీ మే నెల.

ధారకి నా కొలత ఇది: 20 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండితే హాయిగా ఉంటుంది, నాలుగైదు నిమిషాలు పడితే ఇబ్బందే. పై అంతస్తులో ట్యాంకు మరీ దగ్గరగా ఉండటం వల్ల ధార సన్నగా వస్తుంది, దానికి ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చు. కింది అంతస్తులో సన్నగా వస్తే పైపులు పూడిపోయాయేమో.

టీడీఎస్ కిచెన్ కుళాయి దగ్గరా బాత్‌రూమ్ దగ్గరా విడివిడిగా చూడండి. తాగే నీటికి బీఐఎస్ ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2000 వరకు. మీటరు ఉప్పదనం మాత్రమే చెబుతుంది, క్రిముల సంగతి చెప్పదు. మీటరు లేకపోతే షవర్ రంధ్రాలు, కుళాయి మూతి చూడండి, తెల్లగా గారపట్టి ఉంటే గీజర్, వాషింగ్ మెషీన్ ఎక్కువకాలం బతకవు.

5. కరెంటు

జాగ్రత్త: స్విచ్‌బోర్డు మూతలు మీరు విప్పొద్దు. తడి చేతులతో ఏదీ ముట్టుకోవద్దు. ముందు బాత్‌రూమ్ పరీక్ష చేసి ఉంటే చేతులు తుడుచుకోండి, గుడ్డ అందుకే.

ప్రతి సాకెట్‌లో టెస్టర్ పెట్టి ఎర్తింగ్ ఉందో లేదో చూడండి. టెస్టర్ లేకపోతే ఛార్జర్ పెట్టి కనీసం పనిచేస్తోందా అని చూడొచ్చు, కానీ ఎర్తింగ్ తెలియదు, దానికి ఎలక్ట్రీషియన్ రావాలి. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా? ఉంటే దానిమీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, ఓనర్‌కి చెప్పి నొక్కితే కరెంటు టక్కున పోవాలి. పోకపోతే అది పాడైనట్టే. అసలు లేకపోతే పెట్టించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే కాబట్టి ఇంట్లోకి దిగేముందే పెట్టించండి.

గీజర్, ఏసీ, వాషింగ్ మెషీన్, ఓవెన్‌లకి పెద్ద సాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇరవై ఏళ్లు దాటిన బిల్డింగైతే వైరింగ్ ఎప్పుడు మార్చారని అడగండి. ఏదైనా స్విచ్ చుట్టూ గోధుమరంగు మాడిన మచ్చ ఉంటే, ఆ బోర్డు వేడెక్కుతోందని అర్థం.

6. పగుళ్లు

వెంట్రుకవాసి గీతలు ప్లాస్టర్‌వి, ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, టెన్షన్ పడొద్దు. బీముకీ గోడకీ మధ్య సన్నగా అడ్డంగా వచ్చేవి కూడా మామూలే. భయపడాల్సినవి వేరు: పిల్లర్ మీద, బీము మీద వచ్చినవి. రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పున్నవి. కిటికీ మూలనుంచి ఐమూలగా సాగినవి. గోడకి అవతలి వైపు కూడా అదే చోట కనిపించేవి, వీటికి ఇంజినీర్ కావాలి. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి మూయండి. ఒక గదిలో తలుపులు పట్టేస్తూ, అదే గదిలో ఐమూల పగులు కూడా ఉంటే ఆ రెండూ కలిపి ఇంజినీర్‌కి చెప్పండి.

బిల్డింగ్ కొత్తదైతే ఇంకో మాట. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. ఇంకా గడువు మిగిలి ఉందేమో, మీ పేరు మీదకి మారాక దాన్ని ఎలా అడగాలో లాయరుని కనుక్కోండి.

7. కొలతలు

అమ్మేవాళ్లు చెప్పే ఎస్‌ఎఫ్‌టీలో (చదరపు అడుగుల్లో) గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడార్ అన్నిట్లో వాటా కలిసి ఉంటుంది. 1,200 అని చెప్పిన ఒక ఫ్లాట్‌ని నేను గది గదికీ టేపు పట్టి కొలిస్తే దాదాపు 850 వచ్చింది. మోసం అనడం లేదు, లెక్కలు వేరు. రెండు ఫ్లాట్లు పోల్చేటప్పుడు మాత్రం మీరు కొలిచిన అంకెతోనే పోల్చండి. మీ మంచం, ఫ్రిజ్, బీరువా కొలతలు ఇంట్లోనే రాసుకుని వెళ్లండి. దస్తావేజులో అవిభాజ్య స్థలం వాటా, అంటే బిల్డింగ్ ఉన్న నేలలో మీ ఫ్లాటుకి వచ్చే భాగం, ఎన్ని గజాలో కూడా చూడండి, బిల్డింగ్ పాతబడేకొద్దీ విలువ దానిదే.

8. పార్కింగ్, లిఫ్ట్, అసోసియేషన్

మీ కారుతోనే వెళ్లి ఆ స్లాటులో పెట్టి, తలుపు తీసుకుని దిగి చూడండి. పిల్లర్ అడ్డొచ్చి పెద్దవాళ్లు దిగలేని స్లాట్లు చూశాను. స్లాటు నంబరు డాక్యుమెంట్‌లో ఉందా, లేక నోటిమాటా? లిఫ్టుకి జనరేటర్ ఉందా? నెల మెయింటెనెన్స్ ఎంత, పాత ఓనర్ బకాయిలు ఉన్నాయా, పెద్ద రిపేరు ఏదైనా రాబోతోందా? బకాయిల్లేవని అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి.

9. పై ఇల్లు, కింద ఇల్లు, రాత్రి

పై ఇంటి తలుపు కొట్టండి. "మీ కింద ఫ్లాట్ చూస్తున్నామండీ, ఇక్కడ ఎలా ఉంటుంది?" అంటే చాలు, మనవాళ్లు లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చి మరీ చెబుతారు. కింద ఇంటివాళ్లని ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే మీరు కొనబోయే బాత్‌రూమ్ కారితే తడిసేది వాళ్ల సీలింగే. ఈ ఒక్క పని చేసి మా తమ్ముడు ఒక ఫ్లాట్ వదిలేశాడు, కింద ఇంటి పెద్దావిడ గెస్ట్ రూమ్‌లో సీలింగ్ కింద పెట్టుకున్న స్టీల్ గిన్నె చూపించిందట.

రాత్రి వెళ్లినప్పుడు ఊరికే బాల్కనీలో పది నిమిషాలు నిలబడండి. ఫంక్షన్ హాలు డీజే, ట్రాన్స్‌ఫార్మర్ హోరు, వీధి దీపాలు, మురుగు వాసన, ఫోన్ సిగ్నల్. పక్కన ఖాళీ ప్లాటు ఉండి దానివల్లే వెలుతురు వస్తుంటే, అక్కడ ఐదంతస్తులు లేచాక ఈ గది ఎలా ఉంటుందో ఊహించుకుని ధర మాట్లాడండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

వాస్తు చూడటానికి గంట, బాత్‌రూమ్ చూడటానికి నిమిషం. వాస్తు పట్టింపు ఉంటే చూసుకోండి, కానీ ఈశాన్యం బాగున్నంత మాత్రాన పైపు కారకుండా ఉండదు. ఇంకోటి, ఓనర్ మంచివాళ్లని మొహమాటపడి కుళాయి కూడా తిప్పరు. నిజంగా మంచివాళ్లైతే ఏమీ అనుకోరు. మూడోది, "వేరే పార్టీ రేపు టోకెన్ ఇస్తున్నారు" అన్న మాటకి భయపడి రాత్రికి రాత్రే అడ్వాన్స్ పంపేయడం. మేం చేసింది సరిగ్గా అదే.

చూసినవి ఎలా తేల్చుకోవాలి

ఇంటికి వచ్చాక నోటు పుస్తకంలో రాసినవి మూడు భాగాలు చేయండి. స్విచ్‌లు, కుళాయిలు, పెయింట్, తలుపు బిగుతు, ఇవి మీరు చేయించుకునేవి, వీటికోసం మంచి ఫ్లాట్ వదులుకోవద్దు. బాత్‌రూమ్ లీకేజీ, వైరింగ్, చెదలు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, వీటికి మేస్త్రీతోనో ఎలక్ట్రీషియన్‌తోనో అంచనా రాయించి, ఆ అంకెతో ధర తగ్గించమనండి, లేదా అమ్మేవాళ్లనే చేయించమనండి. వరద గీత, పిల్లర్లలో తుప్పు, ఎండాకాలమంతా ట్యాంకర్ల మీదే బతికే బిల్డింగ్, ఎఫ్‌టీఎల్ గొడవ, వీటిని ఎంత తగ్గించినా నేనైతే తీసుకోను.

రిపేరు వాళ్లే చేయిస్తామంటే ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించండి: ఏ బాత్‌రూమ్, ఏం పని, ఏ తేదీలోపు. గీజర్లు, ఫ్యాన్లు, ఏసీలు, కిచెన్ చిమ్నీ, ఏవి ఉంచి వెళ్తారో అవి కూడా. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఇంకొక్కసారి ఇంటికి వెళ్లి కుళాయిలన్నీ తిప్పి, కరెంటు మీటరు, నీళ్ల మీటరు రీడింగులు ఫొటో తీసుకుని, రిపేరు చేసిన బాత్‌రూమ్‌లో మళ్లీ ఒక బకెట్ నీళ్లు పోసి చూసుకుని, అక్కణ్నుంచే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి బయల్దేరండి.